కోంగా దరువూ కొవ్వలి అమ్మాయీ

1953లో క్యూబాలో ఒక పాట ఊరూవాడా మోగిపోయింది. పేరు 'లా ఎంగన్యదోరా'. అంటే మోసగత్తె. కట్టినాయన ఎన్రికె హొరీన్ అనే వయొలిన్ విద్వాంసుడు. హవానాలో రెండు పెద్ద వీధులు కలిసే మూల మీదుగా ఒక బొద్దయిన అమ్మాయి నడిచివెళ్తుంటుంది. మగాళ్లందరూ గుడ్లప్పగించి చూస్తుంటారు. తీరా చూస్తే ఆ ఒంపులు ఆమెవి కావు, లోపల మెత్తలు పెట్టుకుంది. అందరూ నవ్వుకుంటారు. పాటంతా ఇంతే. చా-చా-చా అనే బాణీకి తొలి పాటగా సంగీత చరిత్రకారులు చెప్పేది దీన్నే.

చూడటానికి మగాళ్లకి హక్కుంది, చూపించినందుకు నేరం మాత్రం ఆమెది. ఈ లెక్క మనకి కొత్తేం కాదు. లాటిన్ సంగీతం అని ఇవాళ ప్రపంచమంతా పిలుస్తున్న ఈ పాటల వెనక, ఆడవాళ్ల నడుము మీద మగవాళ్లు రాసుకున్న ఇలాంటి లెక్కలు చాలా ఉన్నాయి. ఆ లెక్కలు మా ఏలూరు దాకా ఎలా వచ్చాయన్నదే ఈ వ్యాసం.

ఇప్పుడు ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ జుంబా క్లాసుల బోర్డులు కనిపిస్తున్నాయి. పొద్దున్నే పిల్లల క్యారియర్లు సర్దేసి, లెగ్గింగ్సూ టీషర్టూ వేసుకుని, టీచర్లూ, బ్యాంకు ఉద్యోగినులూ, డాక్టర్ల భార్యలూ స్కూటీల మీద వస్తారు. జుంబాని మొదలుపెట్టింది కొలంబియాలోని కాలి నగరానికి చెందిన బేతో పేరెస్. 1990లలో ఒకరోజు ఏరోబిక్స్ క్లాసుకి వెళ్తూ మామూలు క్యాసెట్టు మర్చిపోయి, కారులో ఉన్న సాల్సా, మెరెంగే క్యాసెట్లు పెట్టి నడిపించాడట. 2001 నాటికి అది అమెరికాలో కంపెనీ అయింది. దాని పునాది నాలుగు దరువులు: సాల్సా, మెరెంగే, కూంబియా, రెగ్గేటోన్. వీటిలో ఏదీ పుట్టుకతో మర్యాదస్తుల సంగీతం కాదు. మర్యాద తర్వాత వచ్చి చేరింది. చేరేటప్పుడు ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందన్నది నా ప్రశ్న.

మొదలు చెప్పాలంటే చెరకు తోటల దగ్గరికి వెళ్లాలి. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు క్యూబాలో స్పెయిన్ దొరల చెరకు తోటల్లో చచ్చేట్టు పనిచేశారు. అక్కడ బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1886లో. అంటే మన కందుకూరి వీరేశలింగం వితంతు వివాహాలు చేయించడం మొదలుపెట్టిన ఐదేళ్లకి. ఆ మనుషులు తెచ్చుకున్నవి దరువులు. స్పెయిన్ వాళ్లు తెచ్చినవి గిటారూ, పద్యం లాంటి పాట నడకా. మరకాస్ అనే గలగలలాడే బుర్రలు అంతకు ముందు నుంచీ ఆ నేల మీద ఉన్న ఆదివాసులవి. ఈ మూడూ కలిసినదే లాటిన్ సంగీతం అనడం సులువే గానీ, అవేమీ స్నేహంగా కలవలేదు. ఒకళ్ల వీపు మీద ఇంకొకళ్ల కొరడా ఉండగా కలిశాయి.

హవానా, మతాన్సాస్ ఓడరేవుల్లో మూటలు మోసే నల్లవాళ్ల ఇరుకు వాకిళ్లలో పుట్టింది రుంబా. డోళ్లు లేనప్పుడు ఎండుచేపలు దిగుమతైన చెక్కపెట్టెల్ని బోర్లించి వాయించేవారు. (కైకలూరు, ఆకివీడు వైపు చేపల పెట్టెల మధ్య పెరిగినవాళ్లకి ఆ చప్పుడు ఊహించుకోవడం కష్టం కాదు.) ఆ రుంబాలో గ్వాగ్వాంకో అని ఒక రకం ఉంది. ఆడా మగా ఎదురెదురుగా ఆడుతుంటారు. ఉన్నట్టుండి మగవాడు ఆమె తొడల వైపు ఒక విసురు విసురుతాడు. ఆమె అది తగలకుండా పావడా కొంగుతోనో, చేతిరుమాలుతోనో అడ్డుకుని నవ్వుతూ తప్పుకోవాలి. తప్పుకోవడమే అక్కడ కళ. నేను మొదటిసారి దీన్ని వీడియోలో చూసినప్పుడు జాతర రద్దీలో మా మేనత్తలు మోచేతులు ఎలా పెట్టుకుని నడిచేవారో గుర్తొచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హవానాలో ఈ డోళ్ల ఊరేగింపుల మీద నిషేధాలు వచ్చాయి. నాగరికత కాదన్నారు. అదే కాలంలో రికార్డు కంపెనీలు ఆ పాటల్నే అమ్ముకున్నాయి. 'ఎల్ మనిసేరో' అని వేరుశనగకాయలు అమ్మేవాడి కేక మీద అల్లిన పాట ఉంది. మోయిసెస్ సిమోన్స్ రాశాడు. 1920ల చివర దాన్ని ముందు రికార్డుకెక్కించిన గొంతు రీటా మోంతనేర్ అనే గాయనిది. 1930లో డాన్ అస్పియాసు బృందం న్యూయార్కులో రికార్డు చేశాక అది అమెరికాని ఊపేసింది. రికార్డు మీద 'రుంబా' అని వేసి అమ్మారు, నిజానికి అది రుంబా కాదు, సొన్ అనే వేరే రకం. కొనేవాళ్లకి తేడా ఎందుకు? లోకమంతా పాకిన తొలి క్యూబన్ పాట వీధిలో సరుకమ్మేవాళ్ల కేక కావడం నాకు ముఖ్యంగా తోస్తుంది. కొల్లేటి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగే ఆడవాళ్ల కేకలో కూడా ఒక రాగం, ఒక ఆగే చోటు, మళ్లీ ఎత్తుకునే చోటు ఉంటాయి. దాన్ని ఎవరూ పాట అనలేదు.

మన దగ్గరికి ఇది బొంబాయి మీదుగా వచ్చింది. పోర్చుగీసు పాలనలో చర్చిల్లో స్వరాలు నేర్చుకున్న గోవా సంగీతకారులు బొంబాయి హోటళ్లలో డాన్సు బ్యాండ్లు వాయించారు, పగలు సినిమా స్టూడియోలకి వెళ్లారు. 1950 నాటి 'సమాధి'లో సి. రామచంద్ర కట్టిన 'గోరే గోరే' పాటకి మూలం లండన్‌లో స్థిరపడ్డ ఎడ్మండో రాస్ పాట. మరుసటి ఏడాది 'అల్బేలా'లో బోంగోలు హోరెత్తాయి. 1964లో ఏకంగా 'చా చా చా' పేరుతోనే హిందీ సినిమా వచ్చింది. ఆ సినిమాలో మన మఖ్దూం మొహియుద్దీన్ కవిత పాట అయింది, అందులో కథానాయిక హెలెన్. తెలంగాణ కమ్యూనిస్టు కవీ, బర్మా నుంచి కాందిశీకురాలిగా వచ్చిన నర్తకీ, హవానా వయొలిన్ వాద్యకారుడూ ఒక సినిమా నీడలో కలిశారు. సాంస్కృతిక చరిత్ర ఇలా చిలిపిగా కూడా ఉంటుంది.

మద్రాసులో తెలుగు పాటకి వచ్చేసరికి పంపకం జరిగిపోయింది. బోంగో, కోంగా, మరకాస్, ట్రంపెట్టు ఒక ఆడదాని వాటా. వీణ, సన్నాయి, తబలా ఇంకో ఆడదాని వాటా. దీనికి మినహాయింపులు బోలెడు, కథానాయికలూ పిక్నిక్ పాటల్లో గంతులేశారు. అయినా 1960లు, 70ల్లో కళ్లు మూసుకుని వింటే చాలు, బోంగో మోగిందంటే క్లబ్బు, గాజు గ్లాసులు, విలన్, ఈకల టోపీ పెట్టుకున్న డాన్సరు వస్తారని హాల్లో ఉన్న ప్రతివాళ్లకీ తెలిసిపోయేది. ఒక ఖండం దరువు తెలుగు ప్రేక్షకుడి చెవిలో 'చెడిపోయిన ఆడది' అనే అర్థానికి కుదించుకుపోయింది. ఇది సంగీత దర్శకుల దుర్మార్గం అనను. వాళ్లు మంచి పాటలే కట్టారు. ఆ పాటలకి గొంతునిచ్చిన ఎల్.ఆర్. ఈశ్వరిని తలుచుకోండి. ఊపిరినీ నవ్వునీ తాళంలో కలిపిన పనితనం ఆమెది. ఆ గొంతే తమిళంలో మారియమ్మ పాటలు పాడి ఊరూరా గుళ్లలో మోగింది. అమ్మవారికి అభ్యంతరం లేకపోయింది. గాయనీమణుల గురించి మన సంగీత విమర్శ రాసిన పేజీల్లో ఆమెకి మాత్రం 'హుషారు పాటలు' అన్న ఒక ముక్కతో సరిపెట్టారు. 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు'లో ఆమె పాడిన 'మసక మసక చీకటిలో'ని తర్వాత స్మిత రీమిక్సు చేస్తే అది పాప్ సంగీతం అయింది, ఫ్యాషన్ అయింది.

ఈ పాటలు నేను విన్నది సినిమా హాల్లో కాదు, కొల్లేరు మీద. మా అమ్మమ్మగారిది ఒక లంక గ్రామం. తీర్థానికి రాత్రి స్టేజీ వేసి రికార్డింగ్ డాన్సు పెట్టేవాళ్లు. భోజనాలవగానే ఆడవాళ్లని ఇళ్లల్లోకి పంపేసేవారు. తలుపులు వేసుకుని మేం పడుకునేవాళ్లం. మైకు మాత్రం అందరిదీ కదా. నీటి మీద ఆ శబ్దం ఎంత దూరమైనా పోతుంది. బోంగోలు, ఈశ్వరి నవ్వు, మధ్యలో మగాళ్ల ఈలలు. మేం విన్నాం, వాళ్లు చూశారు. డాన్సు చేసినామె మొహం ఎలా ఉంటుందో ఆ ఊళ్లో సగం జనాభాకి ఎప్పటికీ తెలియదు. ఆమె ఎక్కడ బట్టలు మార్చుకునేదో, రాత్రి తిండి ఎవరు పెట్టేవారో, తెల్లవారి ఏ దోనెలో ఒడ్డు చేరేదో అడగాలన్న ఆలోచన కూడా మా వైపు ఎవరికీ రానివ్వలేదు. చేపల చెరువుల డబ్బు పెరిగాక స్టేజీలు పెద్దవయ్యాయి, లైట్లు పెరిగాయి. ఆమె నిలబడే చోటు మాత్రం మారలేదు.

ఈ చోటు ఖాళీగా ఉన్నది కాదు, ఒకరిని తోసేసి ఖాళీ చేసినది. గోదావరి జిల్లాల్లో కలవారి పెళ్లంటే భోగం మేళం ఉండాల్సిందే అన్న రోజులుండేవి. కళావంతుల స్త్రీలు పదాలు పాడి అభినయించేవారు. సంస్కరణోద్యమం, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆ వృత్తిని ఆపాయి. దోపిడీ ఆగడం అవసరమే, సందేహం లేదు. ఆ నాట్యంలోని మేలిముక్క అగ్రవర్ణ ఇళ్ల అమ్మాయిల అరంగేట్రాలకి వెళ్లింది. తిట్టు మాత్రం నిచ్చెన కింది మెట్టు మీదున్న ఆడవాళ్లకి మిగిలింది. పెళ్లి మేళం పోయింది, తీర్థానికి రికార్డు వచ్చింది. చూసే కళ్లు అవే.

ఏలూరు పక్కన, దెందులూరు మండలంలో కొవ్వలి ఉంది. ఆ పేరు చెప్పగానే పాత తరం పాఠకులకి వెయ్యి నవలల కొవ్వలి లక్ష్మీనరసింహారావు గుర్తొస్తారు, అది ఆయన ఇంటిపేరు. నేను చెప్పేది ఊరి గురించి. 1960 డిసెంబరు 2న ఆ ఊళ్లో విజయలక్ష్మి అనే అమ్మాయి పుట్టింది. బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. ఆ కాపురం వదిలి మద్రాసు వెళ్లింది, నటీమణులకి మేకప్ సర్దే పనిలో చేరింది. 1980లో తమిళ చిత్రం 'వండిచక్కరం'లో వేసిన పాత్ర పేరు సిల్క్. ఆ పేరు ఆమెకి అతుక్కుపోయింది. దక్షిణాది భాషలన్నిటిలో కొన్నేళ్లపాటు సిల్క్ స్మిత పాట లేకుండా సినిమా అమ్ముడుపోదన్న రోజులు నడిచాయి. 1996 సెప్టెంబరు 23న మద్రాసులోని తన ఇంట్లో చనిపోయి కనిపించింది. ముప్పై ఐదేళ్లు.

ఆమె గురించి రాసినవాళ్లు చాలామంది జాలిపడ్డారు, కొందరు కళ్ల గురించి రాశారు. ఆమె శ్రమ గురించి ఎవరూ రాయలేదని నా ఫిర్యాదు. కోంగా దరువులో బలం పడే చోటు మన ఆదితాళంలో ఉండే చోటు కాదు. క్లావే అని రెండు కొయ్య ముక్కలతో కొట్టే అయిదు దెబ్బల నడక మీద ఆ సంగీతమంతా నిలబడుతుంది: ఒక వైపు మూడు, ఒక వైపు రెండు. ఎదురుచూసిన చోట దెబ్బ పడదు, పడ్డ చోటికి నడుము అందాలి. మన సినిమా ఆర్కెస్ట్రాలో ఆ నడక మారిపోయి, మన తాళాలతో కలిసిపోయి వచ్చింది నిజమే. అయినా ఆ ఎదురు దెబ్బని ఒంటితో పట్టుకోవడానికి కొవ్వలి బళ్లో గానీ, మద్రాసులో గానీ ఆమెకి గురువెవరూ లేరు. చూసి నేర్చుకుంది. జ్యోతిలక్ష్మి, జయమాలిని వంటివాళ్లు తయారుచేసిన ఒక నడక అప్పటికే ఉంది, దానికి నెమ్మదిని కలిపింది. స్మిత తొందరపడదు. దరువు కన్నా కొంచెం వెనకగా కదలడం, చూపుని చివరిదాకా ఆపి ఉంచడం ఆమె చేసిన పని. ఒక నాట్యగత్తె చేస్తే దీన్ని శైలి అంటాం. 2011లో 'ది డర్టీ పిక్చర్' ఆమె పుట్టినరోజునే విడుదలైంది, ఆ పాత్రకి విద్యాబాలన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. విద్యాబాలన్ మంచి నటి, అది వేరే విషయం. స్మిత చేస్తే బూతు అన్నది, స్మితగా నటిస్తే కళ అయింది.

మళ్లీ జుంబా దగ్గరికొద్దాం. రికార్డింగ్ డాన్సు స్టేజీ మీదా, ఫిట్‌నెస్ హాల్లోనూ నడుము తిరిగే తీరులో పెద్ద తేడా లేదు. తేడా డబ్బు నడిచే దిక్కులో ఉంది. డబ్బు పుచ్చుకుని తిప్పితే బరితెగించడం. నెలకింత అని కట్టి తిప్పితే ఆరోగ్యం. జుంబాకి వెళ్లే ఆడవాళ్లని వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. నలభై ఏళ్లొచ్చేదాకా ఒళ్లు దగ్గర పెట్టుకోమనే మాట తప్ప ఇంకోటి వినని వాళ్లకి, ఒక గంటసేపు అద్దం ముందు ఒళ్లు వదిలేయడం ఎంత విడుదలో నాకు తెలుసు. మా ఊరి ఆడవాళ్లకి ఆ దరువు చేరడానికి ఇన్నేళ్లు పట్టింది. కానీ వాళ్ల నడుముకి దొరికిన మర్యాద, కొల్లేటి స్టేజీ మీది నడుముకి ఎందుకు దొరకలేదన్నదే అడుగుతున్నాను.

స్త్రీవాద మిత్రులే ఇక్కడ నాతో విభేదిస్తారు. రికార్డింగ్ డాన్సులు ఆడవాళ్లని సరుకు చేస్తున్నాయి, నిషేధించాల్సిందే అంటారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది, తాగిన గుంపు మధ్య ఆ స్టేజీ మీద జరిగే అవమానాలు చిన్నవి కావు. అయితే నిషేధం ఎవరి మీద పడుతుందో చూడాలి. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం బార్లలో డాన్సుని నిషేధించినప్పుడు మూడు నక్షత్రాల హోటళ్లనీ, ఆపైవాటినీ మినహాయించింది. అదే డాన్సు ఖరీదైన చోట సంస్కృతి, చవక చోట అసభ్యత. ఫ్లేవియా ఆగ్నెస్ లాంటి స్త్రీవాద న్యాయవాదులు బార్ డాన్సర్ల పక్షాన నిలిచారు. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఈ మధ్యలో ఎనిమిదేళ్లు ఆ ఆడవాళ్లు ఏం తిన్నారన్నది తీర్పులో ఉండదు. మన తీర్థాల్లో కూడా పోలీసు జీపు వస్తే స్టేజీ కట్టించిన పెద్దమనిషి పక్కకి తప్పుకుంటాడు, మేకప్‌తో ఉన్నామె దొరుకుతుంది.

ప్యూర్టో రికోలో ఇదే గొడవ అచ్చంగా జరిగింది. రెగ్గేటోన్ పేదపేటల్లో పుట్టిన దరువు. 1990లలో అక్కడి పోలీసులు దుకాణాల మీద పడి క్యాసెట్లు పట్టుకుపోయారు. 2002లో ఆ పాటలకి ఆడే పెర్రెయో నాట్యం అసభ్యమని వెల్దా గొన్సాలెస్ అనే సెనేటరు ఉద్యమం నడిపింది. ఆమె స్త్రీ, ఆమె బాధ నిజమైనదే. ఆ పాటల్లో ఆడదాన్ని వస్తువు చేసినవి కొల్లలు. 2004లో 'గసొలీనా' వచ్చింది, దరువు దేశాలు దాటింది. 2017లో 'డెస్పసీతో' అమెరికా జాబితాలో 16 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2020 నుంచి 2022 దాకా వరసగా మూడేళ్లు స్పాటిఫైలో ప్రపంచమంతా ఎక్కువగా విన్నది బ్యాడ్ బన్నీ అనే ప్యూర్టో రికో గాయకుణ్ణి. పాడేది స్పానిష్‌లోనే. తన భాష వదలకుండా లోకం మధ్యలోకి వచ్చి కూర్చోవడం చిన్న విషయమేం కాదు.

ఈ విజయగాథలో ఆడవాళ్ల పేర్లు వెతుక్కోవాలి. 'డెస్పసీతో' అనగానే ఇద్దరు మగాళ్లు గుర్తొస్తారు, లూయిస్ ఫోన్సీతో కూర్చుని దాన్ని రాసింది పనామాకి చెందిన ఎరికా ఎండర్. లోకమంతా మగ గొంతుల్లో విన్న 'బేసామె ముచో' రాసింది మెక్సికోలో కొన్సువేలో వెలాస్కెస్ అనే యువతి. 1960లో దేశం వదిలిన సెలియా క్రూజ్‌ని తల్లి అంత్యక్రియలకి కూడా క్యూబాలోకి రానివ్వలేదు, సాల్సా మహారాణి అన్న బిరుదు న్యూయార్కులో దొరికింది. పాట మధ్యలో ఆమె పెట్టే కేక 'అసూకర్'. చక్కెర. చెరకు తోటల మనవరాలి నోట ఆ మాట తీపిగా వినిపిస్తుందా అన్నది వినేవాళ్ల చరిత్ర జ్ఞానాన్ని బట్టి ఉంటుంది.

వీళ్లందరిలో నాకు దగ్గరగా అనిపించేది తోతో లా మొంపొసీనా. కొలంబియాలో మగ్దలేనా నది చుట్టుకుని పారే మొంపోస్ దీవి ప్రాంతం ఆమెది. అక్కడ చేపలు పట్టుకుని, మడులు దున్నుకుని బతికే లంక ఊళ్లలో పాటకత్తెలుంటారు, కాంతదోరాలంటారు. ఊరి వేడుకల్లో పాట ఎత్తుకునేది వాళ్లు. తోతో ఆ ఊళ్లు తిరిగి, ఆ ముసలమ్మల దగ్గర పాటలు నేర్చుకుంది. 1982లో గాబ్రియేల్ గార్సియా మార్కెస్ నోబెల్ బహుమతి అందుకుంటున్నప్పుడు స్టాక్‌హోంలో ఆ పాటలు పాడింది. తర్వాత 2003లో అమెరికాలో టింబలాండ్ అనే సంగీత నిర్మాత ఆమె 'కురూరా' పాటలోంచి ముక్క తీసుకుని తన పాటకి వాడుకున్నాడు, దానికి 'ఇండియన్ ఫ్లూట్' అని పేరు పెట్టాడు. మొంపోస్ ముసలమ్మల వేణువు మన వేణువైపోయింది! ఇలాంటి పేరు మార్పిడి మనకీ ఒకటి జరిగింది. 1989లో 'లంబాడా' పాట వచ్చినప్పుడు మా బంధువుల్లో చాలామంది అది మన లంబాడీల నాట్యమే విదేశాలకి వెళ్లిందని గట్టిగా నమ్మారు. నిజానికి దాన్ని బొలీవియాకి చెందిన లోస్ హార్కాస్ బృందం పాటలోంచి ఎత్తేశారు, వాళ్లు కోర్టుకి వెళ్లి గెలిచారు. కోర్టుకి వెళ్లే స్తోమత ఉండాలి కదా, గెలవడానికి.

కొల్లేటి బెడ్ గ్రామాల్లో నాట్లేస్తూ, వలలు బాగుచేసుకుంటూ పాడుకున్న ఆడవాళ్లున్నారు. చేపల చెరువులు వచ్చి వరిచేలు పోయినప్పుడు నాట్ల పాటలకి చోటు పోయింది. 2006లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు పాత పని తిరిగి రాలేదు, పాత పాటా రాలేదు. తోతో లాంటి మనిషి ఒకామె దోనె ఎక్కి ఆ లంకలన్నీ తిరగాల్సింది.

చివరిగా ఐవీ క్వీన్. ప్యూర్టో రికోలో మగాళ్ల గుంపులో ఒంటరిగా నిలబడి రెగ్గేటోన్ పాడిన మనిషి. 2003లో ఆమె పాట 'కియెరో బైలార్' వచ్చింది. నాకు ఆడాలనుంది, ఆడతాను, చెమటలు పట్టేలా ఆడతాను, అంతమాత్రాన నీ పక్కలోకొస్తానని అనుకోకు అన్నది దాని సారాంశం. పెర్రెయోని నిషేధించాలని సెనేట్ గోల పెట్టిన మరుసటేడు వచ్చిన పాట ఇది. గూడెంలో జుంబాకి వెళ్లే ఒక స్నేహితురాలు తను రోజూ ఆడే ఆ పాటకి అర్థం చెప్పమంటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌లో ఆ పాట మళ్లీ పెట్టి, "ఇది తెలుగులో ఎవరైనా పాడితే మా ఆయన వాళ్లు క్లాసు మాన్పించేస్తారే" అని పెద్దగా నవ్వింది.